ఉండటానికి వచ్చినవాళ్ళకు ఈ ఊళ్ళో చోటేదీ?

తిరుపతిలో మా జీవకోనలో కొత్తగా మిద్దె వేసిన ప్రతి ఇంటి గేటుకూ ఒక బోర్డు వేలాడుతుంటుంది. టు-లెట్ అన్న మాట కింద షరతులు ఉంటాయి: ఫ్యామిలీస్‌కు మాత్రమే, శాకాహారులకు మాత్రమే, బ్యాచిలర్స్ అడగొద్దు. నాలుగిళ్ళ అవతల ఇంకో బోర్డు: యాత్రికులకు గదులు, 24 గంటలూ వేడినీళ్ళు. ఆ రెండో ఇంట్లో దిగేవాళ్ళది ఏ ఊరో, ఒక్కరే వచ్చారో పదిమంది వచ్చారో ఎవరూ పట్టించుకోరు. ఆధార్ జిరాక్సు ఇచ్చి తాళంచెవి తీసుకుంటారు. మొదటి ఇంటి దగ్గర ఆగిన పిల్లవాణ్ణి మాత్రం పెళ్ళయిందా, అమ్మానాన్న ఏం చేస్తారు, మీదే కులం, రాత్రి ఎన్నింటికి వస్తావు అని వరసపెట్టి అడిగి, ఆఖరికి ఆలోచించి చెప్తాంలే అంటాం. ఒక్క రాత్రి పడుకొని వెళ్ళేవాణ్ణి నమ్ముతున్నాం, మూడేళ్ళుంటానని వచ్చినవాణ్ణి నమ్మడం లేదు.

ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది వాయల్పాడు పక్కన పల్లెలో. ట్రైనింగు కోసం వచ్చి, ఉద్యోగం దొరికి, అలిపిరికి దగ్గరగా ఇల్లు కట్టుకున్నాం. మిద్దె మీద రెండు పోర్షన్లున్నాయి, బాడుగకిస్తాను. కాబట్టి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు పగలు వార్డులో ఎంత చాకిరీ చేస్తారో చూశాను, సాయంత్రమైతే గది కోసం వీధి వీధీ ఎట్లా తిరుగుతారో కూడా చూశాను. తిరుపతిలో యువత నిలవడం లేదని, అందరూ బెంగళూరు, చెన్నై, హైదరాబాదు దారి పడుతున్నారని సభల్లో, పేపర్లలో పెద్దలు బాధపడుతుంటారు. ఆ బాధ నాకూ ఉంది. నా కొడుకు కూడా బెంగళూరులోనే ఉన్నాడు. అయితే ఆ మాట అనేవాళ్ళు ఎప్పుడూ మన ఊరి నుంచి వెళ్ళిపోయిన పిల్లల గురించే అంటారు. మన ఊరికి పని కోసం వచ్చి, రెండేళ్ళు తిరక్కుండానే పెట్టె సర్దుకునే పిల్లల మాట ఎవరూ ఎత్తరు.

వచ్చేవాళ్ళకు కొరతేమీ లేదు. అటువంటివాళ్ళను డబ్బిచ్చి పిలుచుకునే ఊళ్ళు కూడా ఉన్నాయి. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో టల్సా అని ఒక ఊరుంది. ఇంటి నుంచే పనిచేసుకునే ఉద్యోగులు తమ ఊరికి వచ్చి ఏడాది ఉంటే పది వేల డాలర్లిస్తామని 2018లో అక్కడి ఒక ధర్మసంస్థ ప్రకటించింది. డబ్బుతో పాటు కూర్చుని పని చేసుకునే చోటు చూపించింది, ఊరివాళ్ళతో పరిచయాలు కలిపే సమావేశాలు పెట్టింది. చదువుకున్న పడుచువాళ్ళు ఊళ్ళో ఉంటే ఊరు బతుకుతుందని వాళ్ళకు అర్థమైంది కాబట్టే అంత ఖర్చు. తిరుపతి అంత డబ్బు పోసి ఎవరినీ పిలవనక్కర్లేదు. పిల్లలే వస్తున్నారు.

అలిపిరిలో గరుడ విగ్రహం దగ్గర నిలబడి ఊరివైపు తిరిగి చూడండి. 2018లో శంకుస్థాపన జరిగి 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఈ అలిపిరిలోనే ఉంది. రోడ్డు వెంట కిందికి దిగితే 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి, దాని పక్కనే ఎముకల ఆసుపత్రి బర్డ్, ఆ ఆవరణలో 2021లో పెట్టిన చిన్నపిల్లల గుండె ఆసుపత్రి, రుయా ఆసుపత్రి, మెడికల్ కాలేజీ. ఇంకా ముందుకు వెళ్తే 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 1983 నాటి పద్మావతీ మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ, సంస్కృత విశ్వవిద్యాలయం. ఏర్పేడు వైపు 2015లో వచ్చిన ఐఐటీ, సైన్స్ చదువుల ఐసర్. గాదంకిలో వాతావరణాన్ని పరిశోధించే రాడార్ కేంద్రం. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, అటు తడ పక్కన శ్రీసిటీ పారిశ్రామికవాడ. 2011 లెక్కల్లో 2.87 లక్షల జనమున్న నగరం ఇది. ఇంత చిన్న ఊరి చుట్టూ ఇన్ని చదువులు, ఇన్ని కొలువులు ఉన్నచోటు రాష్ట్రంలో ఇంకెక్కడుంది? ప్రతి జూలై, ఆగస్టులో దేశం నాలుగు మూలల నుంచీ ఇరవై అయిదు, ముప్పై ఏళ్ళవాళ్ళు సూట్‌కేసులతో రేణిగుంటలో దిగుతారు. దిగినవాళ్ళు నిలబడేటట్టు చూడటమే మనకు చేతకావడం లేదు.

ఎందుకు చేతకాలేదో చెప్పుకోవడంలో తప్పు లేదు. రోజుకు అరవై, డెబ్భై వేల మంది తిరుమల కొండకు పోయి వచ్చే ఊరు ఇది. వాళ్ళ బస్సు, గది, లగేజీ, చెప్పులు, భోజనం, తిరుగు రైలు, అన్నీ చూసి పంపడంలో తిరుపతికి సాటి వచ్చే ఊరు లేదు. నేనిది గర్వంగానే చెప్తున్నాను. 2022లో అలిపిరి డిపోకు కరెంటు బస్సులు వచ్చాయి. వంద బస్సుల్లో సగం కొండ మీదికే తిరుగుతాయి. ఊరి శ్రద్ధంతా అటు పోయింది. వచ్చినవాళ్ళు మూడు రోజుల్లో వెళ్ళిపోతారన్న లెక్క మీదే హోటళ్ళు, ఆటోలు, ఇళ్ళ బాడుగలు, ఆఖరికి మన పలకరింపులు కూడా నడుస్తున్నాయి. నాలుగో రోజు కూడా ఇక్కడే కనిపించే కొత్త మనిషితో ఏం చేయాలో మనకు అలవాటు పోయింది.

పోయింది అని ఎందుకంటున్నానంటే, మొదట్లో ఉండేది. పన్నెండో శతాబ్దంలో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, ఆ గుడి చుట్టూ వీధులు తీయించి, కొలువు చేసేవాళ్ళకు ఇళ్ళు ఏర్పాటు చేశారు. అంతకు ముందు కొండ కింది జనం కపిలతీర్థం దగ్గర కొత్తూరులో ఉండేవాళ్ళని చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. అంటే ఈ ఊరు ఊరైంది పనిచేసేవాళ్ళకు ఇల్లు చూపించడంతోనే. ఆ తరవాత కూడా తిరుపతికి పేరు తెచ్చినవాళ్ళలో ఎంతమంది ఇక్కడ పుట్టారు? అన్నమయ్యది కడప వైపు తాళ్ళపాక. కొండ మీద రాగిరేకుల్లో నిద్రపోతున్న ఆయన పాటల్ని చదివి అచ్చుకు తెచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిది కృష్ణా జిల్లా. ఆ పాటలకు స్వరాలు కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మది అనంతపురం సీమ, మైసూరులో తెలుగు చెప్పుకుంటూ ఉండి ఇక్కడికి వచ్చారు.

గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి సంగతి ఇంకా దగ్గరిది. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు రాజమండ్రి నుంచి వచ్చి చేరిన ఆయనకు అప్పటికి దాదాపు ముప్పై ఏళ్ళు. ఉద్యోగం కోసం వచ్చిన ఒక యువకుడు. ఆరు వందలకు పైగా సంకీర్తనలకు బాణీలు కట్టి, 2006లో రిటైరై, ఆ తరవాత కూడా ఇక్కడే ఉండి, 2025 మార్చిలో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఈరోజు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పొద్దున్నే వినిపించే అన్నమయ్య పాటల్లో ఎన్నింటికో ఆయన బాణీలే. ఆయనకు కొలువొక్కటే దొరికి ఉంటే ఇంత జరిగేదా? ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా దొరకని పని దొరికింది, ఆ పనిని తన బుద్ధికి తోచినట్టు చేసే వీలు దొరికింది, అది విని మెచ్చుకునే ఊరు దొరికింది. ఇప్పుడు వస్తున్న పిల్లల్లో అటువంటివాళ్ళు ఎందరున్నారో మనకెట్లా తెలుస్తుంది? వాళ్ళ పేర్లే మనకు తెలియవు.

ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతా చిక్కులన్నీ ఇక్కడే ముడిపడ్డాయి. ఒక డాక్టరో, ల్యాబ్‌లో పనిచేసే అబ్బాయో ఎట్లాగో తంటాలు పడి గది సంపాదించాడనుకోండి. అడ్వాన్సు తీసుకుంటాం, నెల నెలా బాడుగ తీసుకుంటాం. రెంటల్ అగ్రిమెంటు మాత్రం రాసివ్వం. బాడుగ లెక్కలోకొస్తే పన్ను పెరుగుతుందని ఒక భయం, కాగితం చేతికిస్తే రేపు ఇల్లు ఖాళీ చేయడేమోనని ఇంకో భయం. పదకొండు నెలలకు రాసుకునే మామూలు అగ్రిమెంటుతో ఎవరి ఇల్లూ ఎవరి పాలూ కాదు. అయినా రాయం. ఆ ఒక్క కాగితం లేకపోతే అతనికి ఇక్కడి చిరునామా లేనట్టే. ఆధార్‌లో ఊరు మార్చుకోవడం కష్టం. గ్యాసు కనెక్షన్ తన పేరున తీసుకోవడమూ కష్టమే. ఓటు ఇక్కడికి మార్చుకోవడమూ అంత తేలిక కాదు. యాభై డివిజన్ల నగరంలో అతనికి కార్పొరేటర్ ఎవరో తెలియదు, కార్పొరేటర్‌కు అతని అవసరం లేదు. వీధిలో దీపం వెలగకపోయినా, కాలవ పొంగినా అతను ఎవరికి చెప్పుకోవాలి? చెప్పినా ఓటు లేని మనిషి మాట ఎవరు వింటారు?

దర్శనం విషయం కూడా ఇంతే. స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం ఇచ్చే పద్ధతిని దేవస్థానం 2024 డిసెంబరులో మళ్ళీ మొదలుపెట్టింది. మంచి పని, ఊరంతా సంతోషించింది. టోకెన్ కావాలంటే ఆధార్ చూపించాలి. తిరుపతి, ఆ చుట్టుపక్కల మండలాల చిరునామా ఉండాలి. మా ఇంట్లో బాడుగకుండే అమ్మాయి అలిపిరి దాకా రోజూ నడకకు పోతుంది, కొండ కిందే పనిచేస్తుంది, కొండకు వచ్చే రోగులకే సేవ చేస్తుంది. ఆధార్‌లో మాత్రం పాలక్కాడు ఉంటుంది. బెంగళూరులో పదేళ్ళుగా ఉంటున్న నా కొడుకు ఆధార్‌లో జీవకోన ఉంటుంది. వీళ్ళిద్దరిలో ఈరోజు ఈ ఊరి మనిషి ఎవరు? నా కొడుకు హక్కు తీసేయమని నేను అడగడం లేదు. ఏడాదికి పైగా ఇక్కడ పనిచేస్తున్నట్టు ఆసుపత్రో, కాలేజీనో, ఫ్యాక్టరీనో ఇచ్చిన ఉత్తరం చూపిస్తే వాళ్ళకూ టోకెన్ ఇవ్వమని దేవస్థానాన్ని వేడుకుంటున్నాను. స్థానికుడివి అని ఆ కొండే ఒప్పుకున్నదనుకుంటే, ఇరవై అయిదేళ్ళ మనిషికి ఇంకేం కావాలి?

ఆడపిల్లల మాట విడిగా చెప్పాలి. నర్సింగ్ ఉద్యోగం మూడు షిఫ్టులు. మధ్యాహ్నం డ్యూటీ కాగితం మీద రాత్రి ఎనిమిదికి అయిపోతుంది. వచ్చే సిస్టర్‌కు డ్యూటీ అప్పగించి, మందుల లెక్క అప్పజెప్పి, డ్రెస్సు మార్చుకొని బయటపడేసరికి తొమ్మిది కొడుతుంది. ఇక వార్డులో ఎవరికైనా సీరియస్ అయితే పదిన్నర. పదికే గేటుకు తాళం వేస్తామని ముందే షరతు పెట్టే ఇల్లుగలవాళ్ళున్నారు. మా పక్కింటావిడ ఒకరోజు నన్ను పిలిచి, "అక్కా, మీ మిద్దె మీది పిల్ల రాత్రి పదికి వస్తా ఉండాది, చూస్తా ఉండావా?" అంది. "చూస్తా ఉండా. డ్యూటీ నుంచి వస్తా ఉండాది. మీ ఆయనకు గుండె నొప్పొచ్చిన రాత్రి ఆస్పత్రిలో నర్సు ఉండాలా, వొద్దా?" అన్నాను. ఆవిడ మంచి మనిషి, అర్థం చేసుకుంది. మరుసటి నెల ఆ పిల్లకు జ్వరమొస్తే మిరియాల రసం చేసి పంపింది. మన ఊళ్ళో జనం దుర్మార్గులు కారు. ఎవరో ఒకరు కలగజేసుకొని చెప్పాలి, అంతే.

మాంసం విషయం కూడా అంతే. ఆదివారం మన ఇళ్ళల్లో సంగటి, నాటుకోడి పులుసు ఉంటాయి. బాడుగకున్నవాళ్ళు కోడిగుడ్డు ఉడకబెట్టుకుంటే మాత్రం తప్పయిపోతుంది. నిజంగా మడి ఆచారం ఉన్న ఇళ్ళను నేను అనడం లేదు. అది వాళ్ళ నియమం, దాన్ని గౌరవించాల్సిందే. మిగతావాళ్ళం ఎందుకు అట్లా రాసి పెడుతున్నామో ఒకసారి ఆలోచించాలి.

మగపిల్లలకైనా, ఆడపిల్లలకైనా దొరికేది చివరికి బాలాజీ కాలనీలోనో భవానీ నగర్‌లోనో పీజీ హాస్టలు. ఒక గదిలో ముగ్గురు, నలుగురు. ఎండీ చేసినవాళ్ళు, పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఇంటర్మీడియట్ పిల్లల్లాగా మంచం కింద ట్రంకు పెట్టె పెట్టుకొని ఎన్నాళ్ళుంటారు? పెళ్ళి కుదరగానే వెళ్ళిపోతారు. మంచి ఇల్లు చూసుకోగలిగినవాళ్ళు మాత్రం ఉంటారు.

ఏర్పేడు పిల్లల కష్టం వేరు. మొదట్లో ఐఐటీ రేణిగుంట రోడ్డులో, ఐసర్ కరకంబాడి రోడ్డులో కాలేజీ భవనాల్లో నడిచాయి. ఊరికి దగ్గరగా ఉండేవి. ఇప్పుడు సొంత క్యాంపస్‌లు వచ్చాయి. ఐఐటీ క్యాంపస్‌ను 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. భవనాలు బాగున్నాయి, ప్రయోగశాలలు బాగున్నాయి, ఊరు మాత్రం పాతిక కిలోమీటర్ల దూరమైంది. ఏర్పేడు దాకా శ్రీకాళహస్తి బస్సులు దొరుకుతాయి. అక్కడ దిగి వెంకటగిరి రోడ్డులోకి తిరిగాక ఆటో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సాయంత్రం పని ముగించుకొని ఊళ్ళోకి వచ్చి, మహతి ఆడిటోరియంలో ఒక కచేరీ విని, రాత్రి పదికి తిరిగి వెళ్ళగలిగితే ఆ కుర్ర ప్రొఫెసర్ తిరుపతిలో ఉన్నట్టు. అది కుదరకపోతే అతను ఒక కాంపౌండు గోడ లోపల ఉన్నట్టు. అటువంటివాడు శుక్రవారం సాయంత్రం అవగానే చెన్నై రైలెక్కుతాడు, అందులో ఆశ్చర్యమేముంది? అలిపిరిలో కొండ బస్సులు వరసగా నిలబడినట్టు అన్ని అక్కర్లేదు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా గంటకొక బస్సు ఆ రెండు క్యాంపస్‌ల గేటు దాకా వెళ్ళి వస్తే చాలు. మొదట్లో ఖాళీగా తిరిగినా తిరగనివ్వాలి. ఆర్టీసీ ఒక్కటే ఆ నష్టం భరించనక్కర్లేదు, కార్పొరేషనూ ఆ సంస్థలూ పంచుకోవచ్చు.

ఇల్లు దొరికింది, బస్సు దొరికింది. ఆ తరవాత మనిషిని కట్టిపడేసేది అతన్ని ఊరు ఏదైనా అడగడం. ఈ మాట ముప్పై ఏళ్ళ నర్సింగులో నేర్చుకున్నాను. కొత్తగా వచ్చిన సిస్టర్‌ను మూల కూర్చోబెట్టి చూస్తూ ఉండమంటే ఆరు నెలల్లో వేరే చోటికి అప్లికేషన్ పెడుతుంది. ఈ నాలుగు బెడ్లూ నీవి, వీళ్ళ బాగోగులు నువ్వే చూడాలి అంటే ఆమె నడకే మారిపోతుంది.

మన ఊరు ఈ పిల్లల్ని అడగగలిగింది ఒకటి చెప్తాను. అలిపిరి నుంచి ఘాట్ రోడ్డెక్కితే ఒకచోట కొండ కోసుకుపోయి రెండు రకాల రాళ్ళు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింది రాయికీ మీది రాయికీ మధ్య కోట్ల ఏళ్ళ ఎడం ఉందట. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకమన్నారు. బస్సులో గోవిందా అంటూ ఆ రాయి పక్కనుంచి మనం ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాం! మా తరంలో ఎవరికీ దాని సంగతి తెలియదు. ఐసర్‌లో భూమి గురించీ వాతావరణం గురించీ చదువు చెప్పే శాఖే ఉంది. అలిపిరి రోడ్డులో 1993 నుంచి సైన్స్ సెంటర్ ఉంది. మున్సిపల్ స్కూళ్ళ పిల్లకాయలున్నారు. ఈ మూడింటినీ కలపడానికి కొత్త భవనం కట్టాలా, కోట్లు తేవాలా? నెలకొక శనివారం ఆ కుర్ర శాస్త్రజ్ఞుల్లో ఒకరిని పిలిచి, మా కొండ కథ మా పిల్లలకు చెప్పు నాయనా అని అడగాలి. తెలుగు రాకపోతే పక్కన మన యూనివర్సిటీ పిల్లలు నిలబడి చెప్తారు. శేషాచలం అడవి 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం, బంగారు బల్లి ఉన్న అడవి. దాని గురించి పనిచేసే పిల్లలు ఇక్కడే ఉన్నారు. వారాంతాల్లో చెన్నై నుంచి కుర్రకారు గుంపులు గుంపులుగా నాగలాపురం కోనలకూ తలకోనకూ వచ్చిపోతున్నారు. పక్క రాష్ట్రం వాళ్ళకు సెలవు దొరికితే గుర్తొచ్చే కొండలు ఇవి. ఈ కొండల కిందే పనిచేసే పిల్లలకు మనం ఒక్క ఆదివారం కూడా తోడు రాలేదు.

ఊరు తనదనుకుంటే మనిషి ఉండిపోతాడనడానికి దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. వెల్లూరు మనకు నూరు కిలోమీటర్లు. అక్కడ సీఎంసీ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్లు, తమను పంపిన మిషన్ ఆసుపత్రికి వెళ్ళి రెండేళ్ళు పనిచేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. చిన్న ఊళ్ళలో, అడవి పక్క ఆసుపత్రుల్లో పనిచేస్తారు. గడువు తీరగానే అందరూ వెళ్ళిపోరు. కొందరు జీవితమంతా అక్కడే ఉండిపోయారు. ఒప్పంద పత్రం మనిషిని రెండేళ్ళు ఆపుతుంది. ఆ ఊరు అతన్ని మా డాక్టరు అని పిలవడం మొదలుపెడితే ముప్పై ఏళ్ళు ఆపుతుంది.

ఇంతా చెప్పి జీతం మాట దాటేస్తే అన్యాయం. చాలా చోట్ల కొత్తగా చేరే నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, గెస్ట్ లెక్చరర్లు కాంట్రాక్టు మీదో అవుట్‌సోర్సింగ్ మీదో ఉన్నారు. ఏడాదికోసారి రెన్యువల్, రెన్యువల్ ముందు నెలంతా గుండెదడ. గల్ఫ్ నుంచో జర్మనీ నుంచో కబురు వస్తే వెళ్ళకుండా ఎట్లా ఉంటారు? ప్రేమగా పలకరించినంత మాత్రాన ఎవరూ అర్ధజీతానికి పదేళ్ళుండరు, ఉండమని అడిగే హక్కు కూడా మనకు లేదు. మూడేళ్ళు బాగా పనిచేసినవాళ్ళకు పోస్టు ఖాయం చేసే దారి ఉండాలి. ఇది మా వీధివాళ్ళం చేయగలిగింది కాదు. ప్రభుత్వం చేయాలి, సంస్థలు చేయాలి.

ఇంకో మాట కూడా వింటుంటాను. "మన పిల్లకాయలకే ఉద్యోగాల్లేవు, బయటోళ్ళ గురించి నీకెందుకమ్మా?" అని. దానికి ఒక ఉదాహరణే నా జవాబు. పేటమిట్ట అనే పల్లె నుంచి వెళ్ళి అమెరికాలో ఇంజనీరుగా స్థిరపడిన గల్లా రామచంద్ర నాయుడు గారు తిరిగివచ్చి 1985లో ఇక్కడ అమరరాజా కంపెనీ పెట్టారు. కరకంబాడి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొకరు ఆ ఫ్యాక్టరీకి పోయారు. ఒక్క ఇంజనీరు ఇక్కడ ఉండాలనుకుంటే ఎంతమంది మన పిల్లలకు పని దొరికిందో ఆ పల్లెల్లో అడగండి. అదే కంపెనీ కొత్త తరం బ్యాటరీల ఫ్యాక్టరీ 2022లో ఒప్పందం చేసుకొని మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పెట్టుకుంది. దాని వెంట వెళ్ళే ఇంజనీర్లు, వాళ్ళ వెంట పెరిగే చిన్న షాపులు, స్కూళ్ళు అన్నీ అక్కడే. శ్రీసిటీలో ముప్పై దాకా దేశాల కంపెనీలున్నాయి, అక్కడి పెద్ద ఉద్యోగుల్లో చాలామంది పొద్దున చెన్నై నుంచి వచ్చి సాయంత్రం చెన్నైకే పోతారు. జీతం మన జిల్లాలో, ఇల్లు, కూరగాయలు, పిల్లల ఫీజులు పక్క రాష్ట్రంలో. బయటినుంచి వచ్చినవాడు ఇక్కడ ఇల్లు తీసుకుంటే వంటమనిషి దగ్గర్నుంచి ట్యూషన్ మాస్టరు దాకా మనవాళ్ళకే పని. వాళ్ళకు తగిన స్కూళ్ళు, తగిన సాయంత్రాలు ఇక్కడ ఉంటే నా కొడుకులాంటివాళ్ళు కూడా తిరిగి వచ్చే ఆలోచన చేస్తారు. వచ్చినవాళ్ళూ వెళ్ళినవాళ్ళూ కోరేది ఒకే రకమైన ఊరు.

మా వీధిలో కొందరం ఆడవాళ్ళం ఒక మాట అనుకున్నాం. బాడుగకిచ్చే ప్రతి ఇంట్లో పదకొండు నెలల అగ్రిమెంటు రాసివ్వాలి, డ్యూటీ మీద వచ్చే పిల్లలకు గేటు తాళంచెవి ఒకటి విడిగా ఇవ్వాలి, పెళ్ళి గురించి అడగకూడదు. ఉద్యోగం చేసే చోటి నుంచి ఒక ఉత్తరం తీసుకుంటే మన భయమూ తీరుతుంది. ఇప్పటికి ఒప్పుకున్నవాళ్ళు తక్కువే. ఒప్పుకున్న ఇళ్ళల్లో ఇంతవరకు ఎవరికీ నష్టం రాలేదు.

రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన రోజు 1130 ఫిబ్రవరి 24 అని లెక్క తేల్చి, 2022 నుంచి ఆ రోజును తిరుపతి పుట్టినరోజుగా జరుపుకుంటున్నాం. ఊరేగింపులుంటాయి, పాటలుంటాయి, పెద్దలు మాట్లాడతారు. వచ్చే ఫిబ్రవరిలో ఆ సాయంత్రానికి ఒక గంట విడిగా పెట్టమని కార్పొరేషన్‌ను అడుగుతున్నాను. గడిచిన ఏడాదిలో ఈ ఊరికి కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాళ్ళ పేర్లు ఆసుపత్రులను, యూనివర్సిటీలను, ఫ్యాక్టరీలను అడిగి తెప్పించుకోవాలి. వాళ్ళను మహతికి పిలవాలి. వేదిక మీద ఉపన్యాసాలు వద్దు. కింద వరసగా బల్లలు వేసి ఒకదాని దగ్గర ఆధార్ చిరునామా మార్చే మనిషి, ఒకదాని దగ్గర ఓటరు ఫారం ఇచ్చే మనిషి, ఒకదాని దగ్గర ఇళ్ళు బాడుగకిచ్చే మాలాంటివాళ్ళం కూర్చుంటాం. తెలుగు నేర్పేవాళ్ళు, పాటల బృందాలవాళ్ళు, కొండల్లో నడిచే సంఘాలవాళ్ళు, సాహిత్య సభలు పెట్టేవాళ్ళు ఇంకో వరసలో కూర్చోవచ్చు. ఆ బల్లల్లో ఒకటి నాకివ్వండి. అగ్రిమెంటు కాగితాలు నేను తెస్తాను.